బ్రాందీ వేరే మామా

మీరెవరో నాకు తెలీదు. అందుకే మీకు చెప్తాండా. మా మామ పోయి శానా కాలమైంది, ఈ మాట మాత్రం మింగలేక కక్కలేక ఇన్నేండ్లూ మోస్తాండా.

నేను ప్రొద్దుటూరు నుంచి మందు ఫ్యాక్టరీకి పనికి పోతాంటి. చెరుకు మడ్డిని పులియబెట్టి, కాచి తీసిన స్పిరిట్టు మాకు ట్యాంకర్లో వస్తాండె. నీళ్లు కలిపి, మాడ్చిన చక్కెర రంగేసి, ఒక వాసన పోస్తే విస్కీ, ఇంకోటి పోస్తే బ్రాందీ. అసలు విస్కీ గింజలతో కాచాల, బ్రాందీ ద్రాక్షరసంతో. మా ట్యాంకులో ద్రాక్ష యాడిది? సీసా మీద బొమ్మ ఉంటాండె, అంతే.

మామది లింగాల, చీనీతోట, అదే బత్తాయితోట, రైతు. తాగి తాగి మంచాన పడితే, నా పెండ్లాం ఆయన చేయి తన తలమీద పెట్టించుకోని, ఇంక విస్కీ ముట్టనని ఒట్టేయించుకుంది. బిడ్డ తలమీద ఒట్టు. ఆయన తప్పలే, నేను తప్పించేదాకా.

ఎందుకు తప్పించినా? అత్తగారింట్లో ఒంటిగా తాగాలంటే నామోషీ. ఇంతకంటే పెద్ద కారణం ఉంటే బాగుండని ఎంత వెతుక్కున్నా దొరకలే.

"బ్రాందీ వేరే మామా. ద్రాక్షరసం. మందు కింద లెక్క," అన్నా. ఫ్యాక్టరీలో పనిచేసే అల్లుడు చెప్తే నమ్మక ఏం చేస్తాడు? సంబరంగా తాగినాడు పాపం.

నా పెండ్లాం పసిగట్టిన దినం ఇల్లంతా రచ్చ.

"నా తలంటే నీకు ఇంతేనా నాయనా?"

"ఒట్టు తప్పలేదమ్మా. అది వేరే, ఇది వేరే. అల్లుడే చెప్పినాడు, అడుగు."

ఆమె నా దిక్కు తిరిగింది.

"నేనేం చెప్పలేదే," అన్నా.

మామ తిట్టలే. నన్నే చూస్తా ఉండిపోయినాడు. తిట్టింటే బాగుండు. కూతురి సంసారం చెడుతుందని నోరు మూసుకున్నాడా? లేకుంటే నేనే అట్ల అనుకోని మనసు సర్దుకుంటాండానా?

ఆమె ఆయనతో మాట మానేసింది. ఆయన మళ్లీ మంచాన పడినా, పోయేదాకా నాయనా అని పిలవలే. ఇప్పటికీ ఆయన మాటొస్తే, "నా తలమీద పెట్టిన చేత్తోనే తాగినాడు," అంటుంది. నేను పక్కనే కూర్చోని అన్నం తింటా ఉంటా.

నిన్న ఇంకో మాట అనింది. "కన్నతండ్రి కంటే నువ్వే నయమప్పా. నాకు ఒక్క అబద్ధం చెప్పలే."

ఊ అని ఇంకో ముద్ద కలుపుకున్నా. థూ, నాదీ ఒక బతుకేనా?

ఆమెతో చెప్పే ధైర్యం నాకు ఈ పొద్దుకూ లేదు. మీతో చెప్పినాక కొంచెం ఊపిరాడతాంది. మా మామ ఒట్టు తప్పలేదు. మీరైనా నమ్మండి.