మన్మథరావు దిగలేని ఆటో

నర్సీపట్నం నుంచి కృష్ణదేవిపేట దాకా షేర్ ఆటో తోలే మన్మథరావు మావకి ఒక కన్నే కనిపించేది, అదీ అంతంతమాత్రమే. ఎడమ కన్ను నిండా శుక్లం. కంటాసుపత్రివాళ్లు మూడుసార్లు ఆపరేషన్ తేదీ ఇచ్చారు, మూడుసార్లూ వెళ్లలేదు. నాలుగోసారి ఒక సోమవారానికి ఇచ్చారు. ఇంకా నాన్చితే కన్ను దక్కదని ఈసారి గట్టిగానే చెప్పారు.

కత్తంటే భయం అనుకునేరు. కాదు. తేదీ దగ్గరికి వచ్చిన ప్రతిసారీ మావకి ఒకటే కల వచ్చేది. ఆ కల చెప్పుకోడానికి మనిషి లేడు.

మా వైపు ఒక లెక్క ఉంది. కల ముందు ఎవరి చెవిన పడితే, వాళ్ల నోట్లోంచి ఏ మాట వస్తే అదే జరుగుతుంది. అందుకే పాడు కల వచ్చినవాళ్లు పొద్దున్నే మంచి నోరున్న మనిషిని వెతుక్కుంటూ బయల్దేరతారు. ఈ రూటు మొత్తానికి ఆ మంచి నోరు మన్మథరావు మావదే.

అది ఎలా వచ్చిందో చెబుతాను. ఆరేళ్ల కిందట కూరగాయల రామాయమ్మ, పళ్లన్నీ ఊడిపోయినట్టు కలొచ్చిందని ఆటోలో ఒకటే ఏడుపు. ఆ గోల ఆగితే చాలని మావ, "మంచిదేనమ్మా, ఇంట్లోకి కొత్త మనిషి వత్తాది" అనేశాడు. సాయంత్రానికి కోడలు నెల తప్పిన సంగతి తెలిసింది. అంతే, మావ దొరికిపోయాడు.

అప్పట్నుంచీ జనం సీటు కోసం కాదు, ఆయన నోటి కోసం ఎక్కుతున్నారు. పాము కరిచిందా, మంచిదే. పెళ్లయిందా, మంచిదే. చచ్చిపోయావా, మరీ మంచిది. తాలూకాఫీసు గుమాస్తా జగదీశ్వరరావుగారికి ఒంటి మీద నూలుపోగు లేకుండా ఆఫీసులో కూర్చున్నట్టు కలొస్తే, అదీ మంచిదే.

"అందులో ఏటి మంచిది?" అని ఆయన కోప్పడ్డాడు.

"గాలి ఆడతాది కదండీ."

జ్వరం వచ్చి పడుకుంటే మంచం చుట్టూ చేరారు. విసిగిపోయి రూటు మార్చి రావికమతం వైపు తోలితే, రెండో రోజుకే ఈ రూటు జనం అక్కడికొచ్చి నిలబడ్డారు. అందరికీ మంచి చెప్పే మనిషి తన కల ఎవరికి చెప్పాలి? ఎవరి నోరు ఎలాంటిదో ఏం తెలుసు? చెప్పకుండా మింగేశాడు. మూడుసార్లు మింగాడు, మంచి మాట పడందే కత్తి కిందకి వెళ్లలేక మూడు తేదీలు పోయాయి.

ఇక నా నోరు. నాలుక మీద మచ్చ ఉందని, ఏ చెడ్డ మాట అంటే అది జరిగి తీరుతుందని నాకు పేరు. ఆరో తరగతిలో పెన్ను రీఫిల్ కొరికితే అంటిన మచ్చ అది. ఆ రోజే లెక్కల మాస్టారికి ట్రాన్స్‌ఫర్ అవుతుందన్నాను. అయింది. ఇంకు రెండు రోజుల్లో పోయింది, పేరు మాత్రం ఉండిపోయింది. ఇన్నేళ్లలో నాలుక చూపించమని ఒక్కడూ అడగలేదు.

ఆ సోమవారానికి ముందు శనివారం పొద్దున్న మావ ఆటో మా సీటు కవర్ల కొట్టు ముందు ఉంది. నేను వెనక సీటు కింద దూరి రెక్సిన్ కొడుతున్నాను. మావ వచ్చి ముందు కూర్చున్నాడు. ఎడమ వైపు బయటికున్న నా కాళ్లు ఆయన శుక్లం కంటికి కనిపించలేదు. అద్దానికి అతికించిన అమ్మవారి బొమ్మకి దణ్ణం పెట్టి మొదలెట్టాడు.

"అమ్మా, నీకైతే సెప్పొచ్చు. కల్లో ఆటోలోంచి అందరూ దిగిపోనారు. నాను దిగుదామంటే రెండు పక్కలా రాడ్డే. ఊపినా ఊడదు. ముందంతా పాలు ఒలకబోసినట్టు తెల్లగుంది. అరుద్దామంటే నోట్లోంచి ఒకటే మాట వత్తంది, మంచిదే, మంచిదే అని."

నా చేతిలోంచి సుత్తి జారి పడింది.

మావ వెనక్కి తిరిగాడు. ఒక్క దూకులో వచ్చి నా నోరు మూసేశాడు.

"ఒరే బుజ్జిబాబూ! నోరెత్తినావంటే సంపేత్తాను! ఇన్నావా?"

తలూపాను.

"అంతా ఇన్నావా?"

మళ్లీ ఊపాను.

"సరే. మంచిదే మావా, అను. అంతే. ఇంకో ముక్క కలపకు." చెయ్యి తీశాడు. నేను ఊపిరి పీల్చానో లేదో, భయపడి మళ్లీ మూసేశాడు. ఇలా నాలుగుసార్లు. అరగంట ఆటోలో ఇద్దరం ఇరుక్కుని కూర్చున్నాం. అటు మావ కదలడు, ఇటు నన్ను కదలనివ్వడు.

అంతలో రామాయమ్మ గంపతో వచ్చింది. "ఈ గుంటడి నోరు మూసినావా బావూ? మంచి పని సేసినావు."

"నా కల ఈడి సెవిలో పడిపోనాదమ్మా."

"ఓలమ్మో!" గంప దించేసింది. "ఇంకేటుంది, ఈడు ఏటంటే అదే!"

ఆటోతో సహా ఏట్లో పడతావ్ అని ఏడిపిద్దామనే ఉంది నాకు. కానీ నా మూతి మీదున్న ఆ చెయ్యి చెమటతో తడిసి ఉంది. మావ ఎడమ కన్ను ఉడికిన చేప కన్నులా తెల్లగా ఉంది. చెయ్యి లాగేసి గబగబా చెప్పేశాను.

"సోమారం ఆపరేషన్ అయితే రాడ్డు ఊడతాది, దిగుతావ్. ఎల్లలేదో, ఆ కల నిజమే. జన్మలో దిగవు."

మావ నా కాలరు పట్టుకున్నాడు. "ఎనక్కి తీసుకోరా!"

"అయిపోనాది. మచ్చ నోరు మావా."

"ఎనక్కి ఎలా వత్తాది?" అంది రామాయమ్మ. "సోమారం బేగి తయారవ్వు బావూ. నానే వత్తాను."

ఆపరేషన్ బాగానే జరిగింది. నెల్లాళ్లు బండి ముట్టొద్దన్నారు. వారం పోయాక చూడ్డానికి వెళ్తే, ఇంటి ముందు ఆటో ఆగి ఉంది. మావ నల్ల కళ్లద్దాలతో డ్రైవరు సీట్లో ఉన్నాడు. వెనక ఐదుగురు, వాళ్లలో రామాయమ్మ. ఇంజను ఆడటం లేదు. ఎవరూ ఎక్కడికీ వెళ్లడం లేదు.

"ఇంట్లో కూకుంటే ఈల్లందరికీ గది సాలట్లేదురా" అన్నాడు మావ.

"కన్ను ఎలాగుంది?"

నా చెవి దగ్గరకి వంగాడు. "బాగా కనబడతంది. ఇన్నాల్లూ అద్దంలో ఈల్ల మొకాలు మసగ్గా ఉండీవి, నోటికొచ్చింది అనీసీవోణ్ని. ఇప్పుడు ఈల్ల కల్లు కనబడతన్నాయిరా. ఎంత బెదిరిపోయి సూత్తారో."

వెనక నుంచి రామాయమ్మ, "బావూ, రాత్రి మల్లీ పల్లు ఊడిపోనాయి" అంది.

మావ అద్దంలోకి చూశాడు. కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

"మంచిదేనమ్మా" అన్నాడు.