వరసలో చివరి విమానం

మా అక్క అత్తగారు పోయిందన్న కబురు తెల్లవారుతూనే వచ్చింది. వాళ్లది ఉద్దానంలో సముద్రం ఒడ్డు ఊరు. పెద్దకొడుకు మా బావ, బొంబాయిలో వెల్డింగు పని. తలకొరివి పెట్టాల్సింది అతనే. రైల్లో పలాస చేరేసరికి మర్నాడు దాటిపోతుంది. అందుకని నేనే విశాఖ విమానం ఎక్కించి ఊరికి ఫోను చేశాను, మధ్యాహ్నానికల్లా వచ్చేస్తాడు, అంతవరకూ ఎత్తకండని. మా వైపు పొద్దు వాలితే చితి ముట్టించరు, శవాన్ని రాత్రి ఉంచరు.

నా ఉద్యోగం బొంబాయి విమానాశ్రయం టవర్లోనే. నేల మీద ఏ విమానం ముందు కదలాలో, ఏది ఆగాలో మైకులో చెప్పడం.

ఆ ఉదయం పాడు వాన! ముందేముందో కనిపించక టేకాఫులు ఆపేశారు. రైల్వే గేటు దగ్గర లారీల్లా విమానాలు బారులు తీరాయి. బావది ముందువైపే ఉంది, ఫరవాలేదనుకున్నాను. ఇంతలో దాని పైలట్ ఇంధనం తగ్గిందనీ, నింపుకోవడానికి వెనక్కి వస్తాననీ చెప్పాడు. వెనక్కొచ్చినవాడికి పాత వరస ఉండదు, మళ్లీ చివర్నించే. ఆ మాట నా నోటితోనే చెప్పాను.

విరామంలో బయటికొచ్చి ఫోను తెరిస్తే బావ.

"బామ్మర్దీ, ఇది ఎగరదేటి? నువ్వున్నావనే ధైర్నంగా కూకున్నాను. అమ్మ మొకం ఒక్కసారి సూడనీ."

అది పెట్టగానే ఊరినుంచి అతని చిన్నాన్న.

"ఏటల్లుడా, ఇమానాలొగ్గేది నువ్వే కదేటి? ఒగ్గీ మరి! కాశీబుగ్గ ఆటోనాగ సీట్లు నిండలేదేటి?"

ఏడవాలో తిట్టాలో తెలియలేదు. సిగ్గు విడిచి మా పైఅధికారిని బతిమాలాను, ఆ ఒక్కదాన్నీ ముందుకు జరుపుతానని. "మిగతా విమానాల్లో ఎవరింట్లో ఎవరు పోయారో నీకు తెలుసా?" అన్నాడాయన. చంపేయాలనిపించింది. వెళ్లి మైకు ముందు కూర్చున్నాను.

వాన తెరిపిచ్చింది. ఒక్కొక్కటే వదులుతున్నాను. రోడ్లన్నీ నీళ్లై తర్వాతి షిఫ్టువాళ్లు రాలేదు. మళ్లీ కాసేపు లేచి ఊరికి ఫోను చేశాను.

"తమ్ముడి సేత కొరివి పెట్టించేసినాం అల్లుడా," అన్నాడు చిన్నాన్న. "నువ్విప్పుడొగ్గినా పొద్దుండగా రాలేడు. మావేటి సేత్తాం?"

వెంటనే బావకి చేశాను. స్విచాఫ్. అప్పటికే ఇంధనం నింపి, విమానం తలుపులు మళ్లీ మూసేశారు.

సీట్లోకి వచ్చేసరికి విశాఖ విమానం వంతు వచ్చింది. పైలట్ అనుమతి అడుగుతున్నాడు. అతని వెనకే ఎక్కడో మా బావ, వాళ్లమ్మ తనకోసం ఆగి ఉందనుకుంటూ బెల్టు పెట్టుకుని కూర్చున్నాడు. మైకు నా చేతిలోనే ఉంది. రన్‌వే వైపు కదలమన్నాను.