ఎర్రనెమలి ఆటో

పెళ్లయి ముప్పైఎనిమిదేళ్లయినా పెంటమ్మ తన మొగుడి పేరు నోటితో పలికింది లేదు. అత్తవారింట్లో మొదటిసారి అడుగుపెట్టిన నాడు ఆడబిడ్డలు గడపకు అడ్డంగా నిలబడి, "మా అన్న పేరు చెప్తేనే లోపలికి రానిస్తం" అని పట్టుబట్టారు. ఏ కొత్త కోడలైనా కాసేపు సిగ్గుపడి, మెలికలు తిరిగి, చివరికి చెప్పేస్తుంది. ఈమె చెబితేనా! పొద్దు గూకేదాకా గడప అవతలే నిలబడింది. అత్తే విసిగిపోయి, "ఓయమ్మో, దీని మొండితనం పాడుగాను! రానియ్యుండ్రి" అని చేయి పట్టి లోపలికి లాక్కుపోయింది. ఆ ముచ్చట ఎత్తి బాలరాజు భార్యను ఆటపట్టించని పండగ లేదు.

గద్వాలలో బాలరాజును ఎరగనివాళ్లు తక్కువ. కూలి కోసం ఊళ్లు పట్టుకు తిరిగిన కుటుంబంలో సొంత బండి కొన్నది అతనొక్కడే. ఇరవైరెండేళ్లుగా చీరల బజారు మొదట్లో, మందుల షాపు పక్కనే అతని ఆటో ఉండేది. దాని వెనక ఒక నెమలి బొమ్మ. బొమ్మ వేసేవాడి దగ్గర నీలం రంగు అయిపోతే ఎర్రరంగుతోనే కానిచ్చేశాడు. మొదట అందరూ నవ్వారు గానీ, ఎర్రనెమలి ఆటో అంటే బాలరాజుదేనని ఊరికి గుర్తుండిపోయింది.

మూడేళ్ల కింద పెంటమ్మకు మతిమరుపు జబ్బు పట్టుకుంది. ముందు పొయ్యి మీది పాలు మరిచింది, తర్వాత కన్నకూతురి పేరు మరిచింది. ఇంట్లో బాలరాజును కూడా ఒక్కోసారి దారిన పోయేవాణ్ని చూసినట్టు చూసేది. కానీ మధ్యాహ్నం టిఫిన్ గిన్నె పట్టుకుని ఇంటి సందులోంచి బజారులోకి వచ్చిందంటే, ఎర్రనెమలి కనబడగానే ఆ మొహం వెలిగేది. "ఇంత పొద్దెక్కింది, ఆకలైతలేదా నీకు?" అని గద్దించేది. ఆ అన్నం తెల్లారే లేచి వండి సర్దిపెట్టింది బాలరాజే. వేళకు చేతికి అందించేది పక్కింటి రజిత. పెంటమ్మ మాత్రం తనే వండాననుకునేది. "మంచిగ చేసినవే" అంటూ అతనూ తినేవాడు. రోజు మొత్తంలో ఆ గంటసేపే అతనికి పెళ్లాం ఉండేది. మిగతా రోజంతా దానికోసమే ఓర్చుకునేవాడు.

ఈలోగా బజారుకు కొత్త రూలు వచ్చింది. నిజం చెప్పాలంటే అది రావాల్సిందే. చీరలకు వచ్చే కార్లు, మూడు వరుసల బైకులు, వాటి నడుమ ఆటోలు. అంబులెన్సు ఇరుక్కుపోతే ఒక నిండుచూలాలు దిగి నొప్పులతో నడిచిపోయిన రోజు కూడా ఉంది మరి. పొద్దున పది నుంచి బండ్లు బంద్ అన్నారు. రెండు కొసలా ఇనుప స్తంభాలు పాతారు. కార్లకూ ఆటోలకూ బస్టాండు వెనక జాగా చూపించారు. ముసలివాళ్లు నడిరోడ్డు మీద తీరిగ్గా నడుస్తుంటే, "జనానికి మంచిగనే అయింది" అని బాలరాజే ఒప్పుకున్నాడు. ఊరందరికీ మంచి జరిగినప్పుడు ఒక్కడి ఏడుపు ఎవరికి వినబడుతుంది!

నాలుగు రోజులు పెంటమ్మను చేయి పట్టుకుని కొత్త స్టాండుకు నడిపించి చూపించాడు. ఐదో రోజు ఆమె కాళ్లు మళ్లీ పాత మూలకే పోయాయి. దాంతో స్తంభాల పక్క సందులోంచి దూర్చి ఆటోను బజారులోకే తెచ్చాడు. రెండుసార్లు హోంగార్డు గోవిందు చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. మూడోసారి అడ్డుపడ్డాడు.

"ఒక్క గంటనే గోవిందూ. బండి కానరాకుంటే ఆమె నన్ను గుర్తుపట్టది."

"నాకు తెల్వదా మామా! నీకిస్తే రేపు పదిమంది అడుగుతరు. పైన కెమెరా ఉంది. ఈసారి బండి గుంజుకపోతరు, నేనేం చేయలేను."

గోవిందు తప్పు లేదు. ఎవరి తప్పూ లేదు. అదే అసలు కడుపుమంట.

ఆ సోమవారం ఆటోను కొత్త స్టాండులోనే వదిలి, బాలరాజు ఆయాసపడుతూ వచ్చి మందుల షాపు మెట్టు దగ్గర నిలబడ్డాడు. పెంటమ్మ వేళకు వచ్చింది. ఖాళీ జాగాను చూసింది. స్తంభం చుట్టూ తిరిగి మళ్లీ చూసింది.

"పెంటమ్మా, ఈడున్ననే!"

ఆమె ఉలిక్కిపడి కొంగు నెత్తి మీదికి లాక్కుంది. గిన్నెను వీపు వెనక దాచింది.

"నువ్వెవరయ్యా? ఇది మా ఆయన బువ్వ."

నేనేనని గట్టిగా చెబితే బెదిరి ఏ దిక్కు పరుగెడుతుందో! బాలరాజు ఉన్నచోటే ఆగి, "ఎవరమ్మా మీ ఆయన? చెప్తే దేవులాడి పిలుచుకొస్త" అన్నాడు.

ఆమె అటూ ఇటూ చూసింది. చాలాసేపు తటపటాయించింది. తర్వాత దగ్గరికి వచ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మెల్లగా చెప్పింది.

"బాలరాజు. నేను పేరు తీసిన అని ఆయనకు చెప్పకయ్యా, సిగ్గయితది. ఆకలికి ఆగడు. కానొస్తే జర పంపియ్యి."

"చెప్పనమ్మా" అన్నాడు బాలరాజు.

రెండయ్యేదాకా ఇద్దరూ ఆ మెట్టు మీదే కూర్చున్నారు. గిన్నె ఆమె ఒడిలోనే ఉంది, మూత తీయలేదు. చివరికి ఆమె లేచి ఇంటిదారి పట్టింది. మళ్లీ భయపడుతుందేమోనని, బాలరాజు నాలుగడుగులు వెనకగా నడిచాడు.