మాటలు కలిసినయని ఫిర్యాదు

జిల్లాలు కొత్తగా విడిపోయిన మరుసటి సంవత్సరం నన్ను జనగామ నుంచి మహబూబాబాద్‌కు అసిస్టెంట్ లేబర్ ఆఫీసరుగా బదిలీ చేశారు. ఆ ఎండాకాలంలోనే గార్ల వైపు ఒక హమాలీ సంఘం మీద ఫిర్యాదు వచ్చింది. కార్మిక సంఘాల లెక్కల మీద అజమాయిషీ రిజిస్ట్రారుది. ఆయన పై ఆఫీసులో ఉంటాడు. ఊళ్ళు తిరిగి విచారణ చేయడం మాలాంటివాళ్ళ పని.

ఫిర్యాదులో ఒకటే వాక్యం, దాని కింద సభ్యుల సంతకాలు, వేలిముద్రలు. 'మా సంఘం లెక్కలు చూసే ఇద్దరికి మాటలు కలిసినయి, తమరు వచ్చి విచారణ చేయాలె' అని రాశారు. సభ్యులు తక్కువగా ఉన్న సంఘానికి చార్టర్డ్ అకౌంటెంటు అక్కర్లేదు. సొంత సభ్యుల్లోనే ఇద్దరు లెక్కలు సరిచూసి సంతకం పెడితే చాలు. ఇక్కడ ఆ ఇద్దరూ కొమురయ్య, సైదులు. మాటలు కలిశాయంటే ఇద్దరూ కుమ్మక్కై డబ్బు తిన్నారనే అనుకున్నాను. మా శాఖలో ఎవరైనా అలాగే అనుకుంటారు. పద్ధతి ప్రకారం నోటీసు ఇచ్చి, గడువు పెట్టి, రసీదు పుస్తకాలూ పాసుబుక్కూ తీర్మానాల పుస్తకమూ సిద్ధంగా ఉంచమన్నాను.

విచారణ రోజు సంఘం అధ్యక్షుడు ఐలయ్య ముందుగా చెప్పిన సంగతి వేరే. యాకయ్య అనే హమాలీ లారీకి వేసిన చెక్క మీది నుంచి బస్తాతో సహా జారి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఆరోగ్యశ్రీ కార్డులో పేరు తప్పు పడడంతో ఆ పథకం కింద పని కాలేదు. ఖమ్మంలో ఆపరేషన్‌కు సంఘం సంక్షేమ నిధే దిక్కు. కానీ నిరుటి లెక్కలను సర్వసభ్య సమావేశం ఆమోదిస్తే తప్ప ఆ నిధి ముట్టుకోకూడదని వాళ్ళ నియమావళిలో ఉంది. సభ్యులేమో ఆమోదించడం లేదు.

ఆ రోజంతా లెక్కలు చూశాను. ఎక్కడా తేడా లేదు. డబ్బు తిన్నవాళ్ళు దొరకనందుకు నేను సంతోషించాలి, కానీ నాకు చిరాకు వేసింది. లెక్క సరిగ్గానే ఉందని చెబితే ఒక్కరి ముఖమూ వెలగలేదు.

"లెక్క తప్పని మేమెప్పుడన్నం సార్? వాళ్ళకు మాటలు గలిసినయన్నం" అన్నాడు ఐలయ్య.

మాట్లాడుకుంటే తప్పేమిటని అడిగాను. గదే తప్పన్నారు.

అసలు సంగతి మెల్లగా బయటపడింది. సంఘం పుట్టిన నాటి నుంచి, లెక్కలు చూడడానికి ఒకరితో ఒకరికి పడనివాళ్ళనే పెట్టుకోవడం వాళ్ళ ఆనవాయితీ. కొమురయ్యకూ సైదులుకూ ఇంటి గోడ దగ్గర గొడవై ఏళ్ళ తరబడి మాటల్లేవు. అందుకే వాళ్ళ సంతకాలంటే అందరికీ అంత నమ్మకం. అయితే నిరుడు కొమురయ్య బిడ్డా సైదులు కొడుకూ ఒకరినొకరు ఇష్టపడి పెళ్ళి చేసుకున్నారు. "గిప్పుడు ఇద్దరు ఒక్క కంచంల తింటున్నరు సార్. ఇగ లెక్క ఎవలు చూసినట్టు?" అని వెనక నుంచి ఎవరో అన్నారు. వియ్యంకులిద్దరూ పక్కపక్కనే తల దించుకుని కూర్చున్నారు.

నాకు ఏం రాయాలో తోచలేదు. ఫిర్యాదు నిజం, లెక్కలూ నిజం, ఏ సెక్షనూ అతిక్రమించినట్టు లేదు. మరో ఇద్దరిని పెట్టుకోండి అంటే, పడనివాళ్ళున్నారు గానీ వాళ్ళలో చదువు వచ్చినవాళ్ళు లేరన్నారు. కాసేపు గుసగుసలాడుకున్నాక ఐలయ్య లేచి, "సార్, మీ ఆఫీసుల మీతోని మాటల్లేనోళ్ళు ఎవలన్న ఉన్నరా?" అని అడిగాడు.

మా జీపు డ్రైవరు కిసుక్కున నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది, ఎందుకంటే ఉన్నారు. మా సీనియర్ అసిస్టెంటు సువర్ణకూ నాకూ ఫ్యాను కింద బల్ల ఎవరిదన్న దగ్గర మొదలై, ఫైళ్ళు కూడా అటెండరు చేత పంపుకునే దాకా వచ్చింది.

మరుసటి వారం ఆమెకు డ్యూటీ వేయించి తీసుకువెళ్ళాను. జీపులో ఆమె కిటికీలోంచి అటు చూసింది, నేను ఇటు చూశాను. అక్కడ రెండు బల్లలు దూరంగా వేసి మమ్మల్ని కూర్చోబెట్టారు. నేను చూసిన పుస్తకం ఆమెకు పంపడం, ఆమె చూసింది నాకు పంపడం, సభ్యులంతా మా ముఖాలు కనిపెట్టి చూడడం. ఒక రసీదు దగ్గర అనుమానం వచ్చి నేను ఆమె వైపు తిరగబోతే, "సార్, జర అటు దిరుగుండ్రి" అన్నాడు ఐలయ్య.

ఇద్దరి లెక్కా ఒకటే వచ్చింది. చప్పట్లు కొట్టి ఆమోదించారు. యాకయ్యకు చెక్కు అక్కడే రాశారు.

తిరుగుదారిలో సువర్ణ ఉన్నట్టుండి నోరు విప్పింది. "ఆయన కాలు ఇరిగి ఎన్ని రోజులైంది సార్?" అని అడిగింది. ఫైల్లో ఫిర్యాదు అందిన తేదీ ఉంది, నోటీసు తేదీ ఉంది, విచారణ తేదీ ఉంది. ఆమె అడిగింది మాత్రం లేదు. తెలియదన్నాను.

వానలు పడ్డాక వేరే పని మీద అటు వెళ్ళి, యాకయ్య ఇంటికి పోయాను. ఆపరేషన్ అయింది, కానీ అప్పటికే ఎముక వంకరగా అతుక్కుపోయిందట. చేతికర్ర ఆసరాతో లేచి నిలబడబోతే వద్దన్నాను. అతని భార్య సోమక్క కుర్చీ తుడిచి వేసింది, చాయ్ ఇచ్చింది. కోపమేమీ లేదు ఆమె గొంతులో.

"లెక్క సక్కగొచ్చింది సార్. కాలే సక్కగ రాలే" అంది.

మాటల్లేనివాళ్ళే లెక్కలు చూడాలన్న ఆ పద్ధతి మంచిదో కాదో నాకు ఇప్పటికీ తేలలేదు. తేలింది ఒకటే. భూపాలపల్లిలో రిటైరయ్యే దాకా, ఏ సంఘం మీద ఫిర్యాదు వచ్చినా పుస్తకాలు అడగడానికి ముందు, ఇది తేలే లోపు ఎవరి పని ఆగి ఉందని అడిగాను. ఆ పనికి ఒక దారి చూపించాకే లెక్కలు తెరిచాను. మా విచారణ ఫారంలో ఆ ప్రశ్నకు గడి లేదు. పైనున్న ఖాళీ జాగాలో రాసేవాణ్ణి.