తాళాల గుత్తి అప్పగింత

హుకుంపేట దాటాక కొండవాలున ఉన్న బాలికల బడిలో లూర్దమ్మ సోషల్ టీచరు. హెడ్మాస్టరు సర్వేశ్వరరావు ఊరెళ్ళినప్పుడల్లా ఆవిడే ఇన్‌చార్జి. ఆయనకు ఊళ్ళు ఎక్కువ. అందుకని పిల్లలు ఆవిడ పేరు ఎప్పుడో మరిచిపోయి ‘ఇన్‌చార్జి టీచర్’ అనే పిలుస్తారు. పిలుపుకేం, ఘనంగానే ఉంది. పెత్తనమే లేదు.

అప్పగింత మాత్రం చూసి తీరాలి. ఉదయం ప్రార్థన కాగానే సర్వేశ్వరరావు గొంతు సవరించుకుని, “నేను లేనప్పుడు లూర్దమ్మగారి మాటే నా మాట” అని ప్రకటించి, పిడికిట్లో పట్టనంత తాళాల గుత్తిని రెండు చేతులా అందిస్తాడు. పిల్లలు చప్పట్లు కొడతారు. ఆవిడ తలొంచి అందుకుంటుంది. ఆ గుత్తిలో ఒక్క తాళంచెవి కూడా ఏ తలుపుకీ పట్టదు. వెనకెప్పుడో స్టోరులో బియ్యం పోతే గదులన్నిటికీ కొత్త తాళాలు వేయించారు. కొత్త చెవులు హెడ్మాస్టరు బ్యాగులో ఉంటాయి. పాత గుత్తి చూడ్డానికి నిండుగా ఉందని అప్పగింతకు అట్టేపెట్టారు. ఈ సంగతి బడిలో అందరికీ తెలుసు. తెలిసే చప్పట్లు కొడతారు. లూర్దమ్మకు ఒళ్ళు మండేది అక్కడే.

ఆవిడ బతుకంతా ఇదే వరస. భర్త ఫిలిప్పు విశాఖ పోర్టులో పనికి వెళుతూ “ఇల్లు నీదే లూర్దూ” అనేవాడు. అని, బీరువా తాళంచెవి మొలతాడుకు కట్టుకుని బస్సెక్కేవాడు. అతను పోయాక గానీ ఆ చెవి ఆవిడ చేతికి రాలేదు. తీసి చూస్తే బీరువాలో ఉన్నది ఆవిడ పెళ్ళిచీరే.

ఈసారి డిసెంబరు చలి మామూలుగా లేదు. హాస్టల్లో ఒక్కో పాత దుప్పట్లో ముగ్గురేసి పిల్లలు ముడుచుకుంటున్నారు. పొద్దున్నే ఎండ కోసం గోడకు ఆనుకుని నిలబడి దగ్గుతున్నారు. స్టోరులో మాత్రం కొత్త ఉన్ని రగ్గులు కట్టలు కట్టలుగా పడి ఉన్నాయి. విశాఖలోని దాత ఒకాయన పంపించాడు. వార్షికోత్సవం నాడు ఆయనే వచ్చి తన చేత్తో పంచుతాడట, ఫొటోలు తీస్తారట. అందాకా తాళం.

బయటికొచ్చింది ఒకే ఒక్క రగ్గు, అదీ నాటకం కోసం. ఆ నాటకం హెడ్మాస్టరు స్వయంగా రాశాడు. ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ ఫ్రాన్సు మీదికి యుద్ధానికి వెళుతూ, కొలువందరి ముందూ రాణి కేథరిన్‌కు రాజ్యం అప్పగించడం కథ. రాణి వేషం ఆరో తరగతి సిల్వియాది. దాని భుజాల మీద ఎర్ర రగ్గు, చేతిలో మెరుపు కాగితం అంటించిన మిఠాయి పెట్టె. అందులో రాజముద్ర ఉన్నట్టు లెక్క. అప్పగింతలంటే ఆయనకు అంత ముచ్చట మరి!

ఆయన విజయనగరంలో పెళ్ళికి వెళ్ళాడు. యథాప్రకారం గుత్తి లూర్దమ్మ చేతికొచ్చింది. మర్నాడు రిహార్సల్లో సిల్వియా డైలాగు మధ్యలోనే దగ్గుతెర వచ్చి కూలబడింది. నుదురు పెనంలా కాలిపోతోంది.

“టీచర్, రాజుగారు లేనప్పుడు ఆ రాణి ఏటి సేసింది?” అనడిగింది లేస్తూ.

“ఆజ్ఞలిచ్చింది. పెద్ద పెద్దోళ్ళే విన్నారు.”

“ఐతే ఈ రగ్గు ఇయాల నాకాడే ఉంచీమని మీరు ఆజ్ఞ ఇస్తారా?”

 లూర్దమ్మ సిగ్నలు దొరికే నీళ్ళ ట్యాంకు దగ్గరికి వెళ్ళి హెడ్మాస్టరుకు ఫోన్ చేసింది. అవతల సన్నాయి మోత.

“సార్, పిల్లలు సలికి సచ్చిపోతన్నారు. సిల్వియాకి జొరం. రగ్గులు పంచీమంటారా?”

“నేనొచ్చాక చూద్దాం లూర్దమ్మగారూ. దాతగారు చిన్నబుచ్చుకుంటారు. ఆ నాటకం రగ్గు కూడా నలగనివ్వకండి, ఫొటోలో బాగోదు.”

“మరి నన్నెందుకు ఇన్‌చార్జి సేసేరు సార్?”

ఆయన నవ్వాడు. “అదేం మాటండీ, బడంతా మీ చేతిలోనే పెట్టానుగా!”

ఆ నవ్వుకు ఆవిడ అరికాలి మంట నెత్తికెక్కింది. తిన్నగా వాచ్‌మన్ అప్పన్న దగ్గరికి వెళ్ళి గునపం అడిగింది. ఎందుకో అతనికి తెలిసిపోయింది.

“వద్దు టీచరమ్మా! నా నౌకరీ పోతాది.”

“నువ్వు మోటారు కాడికెళ్ళి నిలబడు. నీకేటీ తెలీదు.”

రెండు పోట్లకు తాళం వంగింది, మూడో పోటుకు ఊడింది. పొద్దు వాలకముందే మంచానికో రగ్గు చేరింది. సిల్వియాను హుకుంపేట ఆసుపత్రికి తీసుకెళ్ళి, సూది వేయించి, మందులతో ఆటోలో వెనక్కి తెచ్చింది. ఆ పిల్ల నాటకం రగ్గులోనే పడుకుంది. అది బాగా నలిగింది.

సర్వేశ్వరరావు తిరిగొచ్చిన పొద్దున, ఇంకా స్టోరు వైపు వెళ్ళకుండానే, ప్రార్థనలో చిరునవ్వుతో రెండు చేతులూ చాపాడు. లూర్దమ్మ గుత్తి అందించింది. ఎప్పటికంటే బరువుగా తోచి ఆయన కిందికి చూశాడు. గుత్తికి విరిగిన స్టోరు తాళం వేలాడుతోంది.

“ఏమిటిది?” అన్నాడు, గొంతు తగ్గించి.

“నాకు ఇచ్చీసిన పెత్తనం సార్. వాడీసేను.”

ఆయన మొహం కందగడ్డయింది. ఏదో అనబోయాడు. ఈలోగా గుత్తి చేతులు మారడం చూసిన పిల్లలు, అలవాటు ప్రకారం, చప్పట్లు కొట్టేశారు.