ఆయన లేకుండా ఎక్కిన విమానం

మా ఆయన హైస్కూల్లో లెక్కలు చెబుతారు. కోటబొమ్మాళి చుట్టుపక్కల ఊళ్లలో ఎవరికి ఆన్‌లైన్‌లో ఏ దరఖాస్తు పెట్టాల్సి వచ్చినా మా గుమ్మమే ఎక్కుతారు. పింఛను, స్కాలర్‌షిప్పు, ఆధార్‌లో పేరు దిద్దుబాటు, ఏదైనా సరే. "మేస్టారు సేస్తే ఎనక్కి తిరిగి రాదు" అని ఒక పేరు పడిపోయింది. అందుకే శ్రీలంక వెళ్లాలంటే ముందుగా ఆన్‌లైన్‌లో అనుమతి తీసుకోవాలని తెలిసినప్పుడు, ఆ పని ఎవరు చెయ్యాలన్న మాటే మా మధ్య రాలేదు.

వెళ్దామన్న ఆలోచన మా బావది. బావంటే మా అప్ప మొగుడు. మా వైపు అక్కని అప్ప అంటాం. ఆయనకి పలాసలో జీడిపప్పు వ్యాపారం. "దసరా సెలవుల్లో నాలుగు రోజులు ఎల్లొచ్చీదాం. సెన్నపట్నంలో ఇమానం ఎక్కితే గంటన్నర కూడా పట్టదంట. మన ఊరి నుంచి వైజాగు ఎల్లడానికే అంతకన్నా ఎక్కువ పడతాది" అన్నాడు. అంగన్‌వాడీ టీచర్నైన నాకు సెలవు దొరకడం కష్టమే, అయినా దొరికింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం నలుగురి పాస్‌పోర్టులూ మంచం మీద పరుచుకుని ఆయన ఫోన్లో వివరాలు నింపారు. బావది, అప్పది, నాది నేను ఒక్కొక్క అంకే చదువుతుంటే ఆయన కొట్టి, మళ్లీ నాకు అప్పజెప్పి సరిచూసుకున్నారు. ఆయనది మొదలుపెట్టేసరికి పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని నేను లోపలికి పరిగెత్తాను. "నాది సదవక్కర్లేదులే, నాకు నోటికి వచ్చు" అని వెనక నుంచి అన్నారు.

నిజమే, ఆయనకి నోటికి వచ్చు. అయితే ఆయనకి నోటికి వచ్చింది పాత పాస్‌పోర్టు నంబరు. ఎప్పుడో ఉత్సాహపడి తీసుకుని, ఎక్కడికీ వెళ్లకుండానే గడువు తీరిపోయిన పాస్‌పోర్టు అది. కొత్తది తీసుకున్నప్పుడు నంబరు మారింది. ఆ సంగతి అప్పుడు ఆయనకీ తట్టలేదు, నాకూ తట్టలేదు. రెండు రోజుల్లో నలుగురికీ అనుమతి వచ్చేసింది. ఆయన ప్రింట్లు తీయించి ఎవరిది వాళ్లకి ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇచ్చారు.

సెలవులిచ్చే ముందు రోజు స్కూల్లో తోటి మేస్టార్లు ఆయనకి శాలువా కప్పారు. మొహమాటపడుతూనే ఆ ఫొటో ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. మా అత్త వీధిలో పోయేవాళ్లని పిలిచి మరీ "మావోడు సముద్రం దాటతన్నాడు" అని చెప్పేది. మేము రైలెక్కే రోజున స్టేషనుకి పదిమంది వచ్చారు. నాకు అప్పుడే కొంచెం సిగ్గనిపించింది. వెళ్లేది నాలుగు రోజులకి, సాగనంపడం మాత్రం తిరిగి రానివాళ్లని పంపినట్టు.

చెన్నైలో విమానం కౌంటరు దగ్గర ఉన్న అమ్మాయి మూడు పాస్‌పోర్టులు చూసి పక్కన పెట్టింది. నాలుగోది తీసి, కాగితం చూసి, మళ్లీ పాస్‌పోర్టు చూసి, ఇంకొకరిని పిలిచి చూపించింది. తర్వాత ఇంగ్లీషులో నెమ్మదిగా ఆయనకి ఏదో చెప్పింది. ఆయన కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు.

"నంబరు తేడా ఉన్నాది. నాను కొట్టింది పాత పాస్‌పోర్టుది" అన్నారు నాతో.

బావకి మెల్లగా మాట్లాడడం చేతకాదు. "అదేటి తమ్ముడూ! మావన్నీ బాగా సేసీసి నీదే తప్పు సేసుకున్నావేటి!" అని పెద్దగా నవ్వాడు. క్యూలో మా వెనక తెలుగువాళ్లున్నారు. అందరూ తలలు పైకెత్తి చూశారు. మా ఆయన కూడా నవ్వబోయారు గాని నవ్వు రాలేదు. అప్పుడు బావ నోరు మూసుకున్నాడు.

ఇప్పుడే మళ్లీ దరఖాస్తు పెట్టుకోవచ్చని, కాకపోతే జవాబు విమానం వెళ్లేలోగా వస్తుందన్న నమ్మకం లేదని ఆ అమ్మాయి చెప్పింది. ఆయన పక్కకి వెళ్లి గోడవైపు తిరిగి నిలబడి ఫోన్లో కొట్టడం మొదలుపెట్టారు. ఎన్ని వందల మందికి చేసి పెట్టిన పనో అది. ఆ రోజు ఒక అంకె కొట్టడానికి రెండు మూడు సార్లు చెరిపారు. జవాబు రాలేదు. సామాన్లు వేసే సమయం అయిపోతోందని కౌంటరు నుంచి రెండోసారి పిలిచారు.

"నానూ ఎల్లను" అన్నాను.

"ఎల్లు."

"మీరు లేకుండా నాను అక్కడేటి సేస్తాను?"

"అందరూ సూస్తన్నారు. గొడవ సెయ్యకుండా ఎల్లు. అనుమతి వచ్చీస్తే రేపు నాను వచ్చీస్తాను."

మా ఇద్దరికీ ఒకే పెట్టె. అందులోంచి ఆయన బట్టలు తియ్యాలి. ఆ నున్నటి నేల మీద, అంతమంది కాళ్ల మధ్య, కూర్చుని పెట్టె తెరిచాను. పైన జంతికల డబ్బా, దాని కింద నా చీరలు, వాటి మధ్యలో ఆయన లుంగీలు, బనియన్లు. ఒక్కొక్కటీ పైకి తీస్తుంటే మా ఇంటి దండెం అక్కడికి తెచ్చి కట్టినట్టుంది. పెట్టుకోవడానికి సంచి లేకపోతే అప్ప తన చీర ఉన్న బట్టల కొట్టు కవరు ఖాళీ చేసి ఇచ్చింది. ఆయన ఆ కవరు చంకలో పెట్టుకుని, ఇంక వెళ్లమన్నట్టు చెయ్యి ఊపారు.

నేను వెళ్లాను. ఉండిపోతే ఆయన పరువు ఇంకా పోతుందని నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం కాదు. కాని విమానం లోపల ఎలా ఉంటుందో చూడాలని కూడా నాకు ఉంది. ఆ రెండిట్లో ఏది నన్ను నడిపించిందో ఇప్పటికీ గట్టిగా చెప్పలేను. విమానంలో నా పక్క సీటు ఖాళీగా ఉంది. అప్ప దాని మీద తన హ్యాండుబ్యాగు పెట్టుకుంది. నేను తీసి కింద పెట్టేశాను.

కొలంబోలో దిగాక ఫోను చేస్తే ఆయన ఎత్తలేదు. మర్నాడు మెసేజీ వచ్చింది. "నేను వెనక్కి వచ్చేశాను. మీరు జాగ్రత్తగా తిరిగి రండి." ఇల్లు చేరారు కాబోలు అనుకున్నాను.

ఆ సాయంత్రం మా అత్త పక్కింటామె ఫోను నుంచి వీడియో కాల్ చేసింది. ఆమె ముఖం సగమే కనిపిస్తోంది, వెనక వీధిలో ఆడవాళ్లు తొంగి చూస్తున్నారు.

"ఏదీ, మావోణ్ణి సూపించే."

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. ఆయన ఇల్లు చేరలేదని, ఆమెకి ఏమీ తెలియదని అర్థమయ్యాక నోటికి వచ్చింది అనేశాను. "తానానికి ఎల్లేరత్తా."

ఫోను పెట్టేసి ఆయనకి చేశాను. ఈసారి ఎత్తారు.

"ఎక్కడున్నారు?"

"ఇజీనారంలో."

"ఎవరింట్లో?"

"లాడ్జీలో."

"ఇంటికి ఎల్లలేదేటి?"

"ఏ మొకం పెట్టుకుని ఎల్లను? శాలువా కప్పిచ్చుకున్నాను. మీరు వచ్చినప్పుడు రైల్లో కలుస్తాను. అంతవరకు అమ్మకి సెప్పకు."

అప్పటి నుంచి అత్త రోజూ ఫోను చెయ్యడం, నేను రోజూ ఆయన్ని స్నానానికి పంపడం. ఒకసారి బావ ఫోను లాక్కుని "ఇప్పుడే టీ తాగడానికి ఎల్లేడమ్మా" అన్నాడు. అప్ప మాత్రం ఆ మాటలు వింటూ తల తిప్పుకునేది.

మూడో రోజు కొండల మీద తేయాకు తోటల మధ్య రైలెక్కాం. రైలు వంపు తిరిగినప్పుడల్లా మా పెట్టెలోంచే ఇంజను కనిపిస్తోంది. బావ కిటికీలోంచి తల బయట పెట్టి ఏదో అరుస్తుంటే టోపీ ఎగిరిపోయి, తోటలో ఆకు కోస్తున్న ఒకావిడ బుట్ట దగ్గర పడింది. ఆవిడ అది తీసి తన నెత్తిన పెట్టుకుని మాకు చెయ్యి ఊపింది. కడుపు నొప్పి పుట్టేంత నవ్వాను. నా పెళ్లయ్యాక ఎప్పుడైనా అలా నవ్వానో లేదో. నవ్వుతూ నవ్వుతూ చూస్తే అప్ప నన్నే చూస్తోంది. ఆ సమయానికి ఆయన విజయనగరంలో ఏ ఫ్యాను కింద పడుకుని ఉన్నారో గుర్తొచ్చి చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను. కాసేపటికి ఇంకో వంపు వచ్చింది, మళ్లీ కిటికీలోంచి చూశాను. చూడకుండా ఉండలేకపోయాను.

తిరుగు ప్రయాణంలో విజయనగరం స్టేషనులో ఆయన మా పెట్టెలోకి ఎక్కారు. అదే కవరు చేతిలో ఉంది. గడ్డం గీసుకుని, ఉతికించిన చొక్కా వేసుకున్నారు. ఊరు వెళ్లొచ్చినవాడిలా కనిపించాలని కాబోలు. బావ జరిగి చోటిచ్చి, "తిన్నావా తమ్ముడూ?" అని మాత్రం అడిగాడు.

రైలు కదిలాక ఆయన నాతో మెల్లగా అన్నారు. "మర్నాడు పొద్దుటే వచ్చీసింది అనుమతి."

"మరి రాలేదేటి?"

"అప్పటికే రైల్లో ఉన్నాను. దిగి ఎనక్కి ఎల్లొచ్చు. కాని ఆ కౌంటరు పిల్ల ముందు మళ్లీ నిలబడలేకపోయేను."

ఆయనే మళ్లీ అన్నారు. "ఇంట్లో నానూ వచ్చేనని సెప్పీద్దాం. ఫొటోల్లో లేడేటి అంటే, తీసింది నానే అని సెప్పు."

సరేనన్నాను. నాలుగు రోజుల్లో నాకు అలవాటైపోయింది.

మేము ఇల్లు చేరేసరికి వీధిలో సగం మంది మా అరుగు మీదే ఉన్నారు. పక్కింటామె నా ఫోను తీసుకుని ఒక్కొక్క ఫొటో జరుపుతూ, "మేస్టారు ఎంత బాగా తీసేరో" అంది. నేను అవునన్నాను. అది నా నోటితో నేను అన్నదే. ఆయన కుర్చీలో కూర్చుని కాళ్ల వైపు చూసుకుంటున్నారు. మా అత్త ఆయన ముందు పీట వేసుకుని కూర్చుంది.

"ఫొటోలు నాకేటి తెలుస్తాయి. నువ్వు సెప్పరా. సముద్రం పైనుంచి సూస్తే ఎలగుంటాది?"

ఆయన నోరు తెరిచారు. ఏదో చెబుతారనే అనుకున్నాను. ఎలా ఉంటుందో నేను రైల్లో చెప్పాను కూడా.

"నాను ఎల్లలేదమ్మా" అన్నారు. "నా కాయితంలో నంబరు నానే తప్పు కొట్టుకున్నాను. సెన్నపట్నంలో ఆపీసేరు. మొకం సెల్లక ఇజీనారంలో లాడ్జీలో ఉన్నాను."

పక్కింటామె ఫోను నా ఒళ్లో పెట్టేసింది. మా అత్త కొడుకునే చూస్తూ, "మరి అన్నం ఎక్కడ తిన్నావురా?" అంది.

"మెస్సులో."

"అన్ని రోజులూనా? ఆ కూరలు నీకు పడవు కదురా."

ఆమె లేచి లోపలికి వెళ్లబోతూ గుమ్మంలో ఆగి నా వైపు తిరిగింది. "నువ్వు మాత్రం రోజుకోసారి తానం సేయించేవు వోణ్ణి" అంది. కోపంగా అనలేదు. కోపంగా అంటే బాగుండేది. అరుగు మీద ఎవరో కిసుక్కున నవ్వారు. నేను తలెత్తలేదు. వంటింట్లో బియ్యం కడుగుతున్న చప్పుడు వినిపిస్తున్నా, లేచి వెళ్లి ఆమె చేతిలో గిన్నె అందుకోవడానికి నాకు కాళ్లు రాలేదు.

తర్వాత ఊళ్లో కొన్నాళ్లు నవ్వుకున్నారు. సెలవులయ్యాక ఆయన స్కూలుకి వెళ్లి, వాళ్లు అడగకముందే చెప్పేశారట. చెప్పాక తేలికైందన్నారు. ఇంట్లో ముందుకంటే బాగానే మాట్లాడుతున్నారు. ఆయన సంగతి అలా తేలిపోయింది.

నాది అంత తేలిగ్గా తేలలేదు. నేనేం చూశానో ఇంట్లో ఎవరూ అడగలేదు, నేనూ ఎత్తలేదు. ఒక సాయంత్రం చిక్కుళ్లు ఒలుస్తుంటే ఆయన వచ్చి ఎదురుగా కూర్చుని, తనూ నాలుగు కాయలు చేతిలోకి తీసుకున్నారు.

"ఆ కొండ రైలు బాగుంటాదంట కదా. మీ బావ సెప్పేడు. నువ్వు సాలా నవ్వేవంట."

నేను ఇంకో కాయ తీసుకుని పీచు లాగాను.

"టోపీ కథ సగమే సెప్పేడు. మిగతాది నువ్వు సెప్పు" అన్నారు.

నేను తల వంచుకునే చెప్పడం మొదలుపెట్టాను.