తెర మీద యమున పేరు

యమున చేసిన పని యమునే చేసిందని నమ్మించడం బొగ్గుబాయి తవ్వడం కంటే కష్టం. కరీంనగర్‌లో డిప్లొమా చదివి, గోదావరిఖని లక్ష్మీనగర్‌లో కంప్యూటర్ల దుకాణం పెట్టి మూడేళ్లయింది. సామాను తెప్పించి కొత్తవి బిగించేది ఆమే, చెడిపోయినవి విప్పేదీ ఆమే. కానీ గడప తొక్కిన ప్రతివాడూ దుకాణమంతా కళ్లతో వెతికి, "అంజన్న లేడా అక్కా?" అనేవాడు.

అంజి ఆమె మొగుడు. బాయిలో పని. కంప్యూటర్‌లో అతనికి తెలిసిందల్లా ప్లగ్గు ఎక్కడ పెట్టాలన్నదే, అదీ ఒక్కోసారి తప్పు పెట్టేవాడు. అయినా అతను ఫస్ట్ షిఫ్టు దిగి మసిమొహంతో వచ్చేదాకా రెండు గంటలు బెంచీ మీద కూర్చుని, పెట్టె అతని చేతికే ఇచ్చి పోయే మహానుభావులున్నారు. ఆ పెట్టెను యమున బాగుచేసేది, పేరు అంజన్నకొచ్చేది. పాపం అతను "నాకేం తెల్వదు" అని మొత్తుకుంటే, మంచి పనోడికి గర్వం ఉండదనేవాళ్లు. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే కదా అని ఆమెకు ఒళ్లు మండేది.

ఆమె తండ్రి రాయమల్లు ముప్పై ఏళ్లు బాయిలో పట్టాల మీద నడిచే టబ్బుల్లో బొగ్గు నింపినవాడు. కూతురి గోడు విని ఆయన ఒక్కటే మాట చెప్పాడు.

"టబ్బు నిండంగనే దానిమీద సుద్దతోని మన నంబరెయ్యాలె బిడ్డా. ఎయ్యకుంటే పైకి పొయ్యేసరికి గది ఎవ్వనిదో అయితది."

ఆ మాట పట్టుకుని యమున ముందు పెట్టెల మీద తన పేరు స్టిక్కర్లు వేయించింది. నెల తిరక్కుండానే పిల్లలు గోళ్లతో పీకేశారు. విండోస్‌లో పేరు పెట్టింది. ఫార్మాట్ కొట్టగానే కొట్టుకుపోయింది. అప్పుడు తట్టిందామెకు. కంప్యూటర్ ఆన్ చేయగానే, విండోస్ రాకముందే, మదర్‌బోర్డు కంపెనీ బొమ్మ నాలుగు సెకన్లు కనిపిస్తుంది. అది డిస్కులో ఉండదు, బోర్డు మీద బయాస్ అనే చిప్పులో ఉంటుంది. దాని బదులు మన బొమ్మ పెట్టుకోవచ్చని బోర్డుతో వచ్చిన సీడీలో రాసుంది. అక్కడ రాసిన పేరును గోరూ చెరపదు, ఫార్మాటూ చెరపదు.

రెండువేల ఏడులో ఒక ప్రైవేటు బడి నుంచి పన్నెండు కంప్యూటర్లకు ఆర్డరొచ్చింది. వీటితోనే మొదలుపెట్టాలనుకుంది. సీడీలో రాసినంత సులువా అది? మొదటి బొమ్మ పెద్దదైందని చిప్పు మింగలేదు. చిన్నది చేస్తే పదహారు రంగులే ఉండాలంది. పదహారుకు కుదిస్తే, ఎర్రటి అక్షరాలు ఎండిన నెత్తురులా తయారయ్యాయి. తెల్ల అక్షరాలు నల్ల పలక మీద వేస్తేగాని దారికి రాలేదు. నాలుగో బోర్డు చిప్పులో బొమ్మ రాస్తుండగా కరెంటు పోయింది. పక్కనే కరెంటు కేంద్రం పెట్టుకుని ఊళ్లకు ఊళ్లకే కరెంటు పంపే చోట, దీపం కింద చీకటి. యూపీఎస్ కుయ్‌మని ఒక్క కూత కూసి చచ్చింది, రాత సగంలో ఆగి దాంతోపాటే బోర్డూ చచ్చింది. యమున తలపట్టుకుంది. చివరికి తన సొంత కంప్యూటర్‌లోంచి బోర్డు పీకి ఆ పెట్టెలో బిగించింది.

వారం రోజుల తిప్పల తర్వాత పన్నెండింట్లోనూ పడింది. "యమున కంప్యూటర్స్, గోదావరిఖని." రీస్టార్ట్ చేసిన ప్రతిసారీ తళుక్కున వచ్చేది. చూసినకొద్దీ చూడాలనిపించి, పనిలేకున్నా రీస్టార్ట్ చేసింది.

బడి తెరిచిన రోజు పెద్దసారు సదానందం కంప్యూటర్ల గదికి రిబ్బను కత్తిరించి, మీట నొక్కమని అంజిని పిలిచాడు. అంజి పెళ్లాన్ని ముందుకు తోశాడు. పంతుళ్లు, పంతులమ్మలు చుట్టూ మూగారు. యమున మానిటర్ ఆన్ చేసి, మీట నొక్కి, తెరకేసి చూసింది. తెర నల్లగా ఉంది. ఒకటి, రెండు, మూడు. ఆ డబ్బా మానిటరు వేడెక్కి, మెల్లగా వెలిగేసరికి విండోస్ బొమ్మ పరుగెడుతోంది.

ఏం జరిగిందో ఆమెకు ఆ క్షణమే అర్థమైంది. దుకాణంలో మానిటరు పొద్దుటి నుంచి వెలుగుతూనే ఉంటుంది. పరీక్షించిందంతా రీస్టార్ట్ చేసే. చల్లటి మానిటరుతో ఒక్కసారైనా చూసిన పాపాన పోలేదు. తన తెలివి తెల్లారినట్టే ఉందని పళ్లు కొరుక్కుంది.

ఈలోపు సదానందం సారు శాలువ విప్పి అంజి భుజాల మీద కప్పాడు. అంజి గాభరాపడ్డాడు.

"సార్, నేను గాదు. ఒక్క స్క్రూ గూడ నేను బిగియ్యలే. అంత యముననే చేసింది."

సారు నవ్వి, భార్యను ఇంతలా మెచ్చుకునేవాణ్ని తాను చూడలేదన్నాడు. అందరూ అవునన్నారు.

యమునకు ఇక ఆగబుద్ధి కాలేదు. ఇప్పుడు మానిటరు వేడిగానే ఉంది కదా. వంగి రీసెట్ మీట నొక్కింది. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు పెద్దగా పడ్డాయి. "సార్, గిది సూడుండ్రి" అంది. సదానందం సారు కళ్లద్దాలు సర్దుకుని, పైకే చదివాడు. చదివి, అంజి వీపు తట్టాడు.

"శభాష్ అంజన్నా. దుకాణానికి గూడ భార్య పేరే పెట్టినవా. గిసువంటి మొగోడు ఎంతమందికి దొరుకుతడు?"

పంతులమ్మలు చప్పట్లు కొట్టారు. అంజి శాలువలో తల వంచుకుని నిలబడ్డాడు. ఇంకా పదకొండు కంప్యూటర్లు ఆన్ చేయాల్సి ఉంది. యమున వెళ్లి ఒక్కొక్కదాని మీట నొక్కుతూ పోయింది. ప్రతిదాంట్లోనూ ఆమె పేరు వచ్చి, తెర వెలిగేలోపే పోయింది.